వాగ్దాన పాలన: 1914 నల్లసముద్ర దాడి మన ముందుంచే ప్రశ్న

ఎదుటివాడు మనకు అన్యాయం చేశాడు. అంతటితో మనం ఇచ్చిన మాటకు కట్టుబడవలసిన బాధ్యత తీరిపోతుందా? అన్నదమ్ముల పంపకాల్లో, వ్యాపార భాగస్వామ్యాల్లో, వియ్యంకుల మధ్య తగాదాల్లో ఈ ప్రశ్న మనకు తరచూ ఎదురవుతూనే ఉంటుంది. "వాడు చేసినదానికి ఇదే తగిన జవాబు" అని మనస్సు వెంటనే తీర్పు చెప్పేస్తుంది. షరీఅత్ మాత్రం అంత తొందరగా తీర్పు చెప్పదు. ఈ విషయాన్ని ఒక ఇంటి స్థాయిలో కాక, ఒక రాజ్యం స్థాయిలో పరిశీలిద్దాం. దానికి మన చరిత్రలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. దురదృష్టం ఏమిటంటే, దాన్ని మనం సగమే చెప్పుకుంటున్నాం.

ఉస్మానీ ఖిలాఫత్ పతనం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన జల్సాల్లో ఆంగ్లేయుల మోసం గురించి వింటాం. అది అబద్ధం కాదు. ఉస్మానీ ప్రభుత్వం 'సుల్తాన్ ఉస్మాన్', 'రషాదియా' అనే రెండు భారీ యుద్ధనౌకలను బ్రిటన్‌లో కట్టించుకుంది. నౌకాదళం కోసం సామాన్య ప్రజలు చందాలు వేసుకున్నారు. నౌకను అందుకోవడానికి తుర్కీ నావికులు వందల సంఖ్యలో ఇంగ్లండ్ చేరుకున్నారు కూడా. సరిగ్గా ఆ సమయంలో, 1914 ఆగస్టు మొదటి రోజుల్లో, బ్రిటన్ నౌకాదళ మంత్రి చర్చిల్ ఆ రెండు ఓడలనూ తమ దళానికి స్వాధీనం చేసుకున్నాడు. ఇస్తాంబుల్ వీధుల్లో ఆగ్రహం పెల్లుబికింది. అందులో న్యాయం ఉంది.

కాని తేదీలను కాస్త జాగ్రత్తగా చూడాలి. స్వాధీనం చేసుకున్న సంగతిని బ్రిటన్ అధికారికంగా తెలియజేసింది ఆగస్టు 3న. ఉస్మానీ పెద్దలు కొందరు జర్మనీతో రహస్య సంధి మీద సంతకం చేసింది ఆగస్టు 2న! ప్రధానమంత్రి సయీద్ హలీం పాషా, యుద్ధ మంత్రి అన్వర్ పాషా, తల్అత్ పాషా వంటి కొద్దిమందికే ఆ సంధి తెలుసు. తోటి మంత్రుల్లో చాలామందికి తెలియదు. ఆ వెంటనే ప్రభుత్వం లోకానికి ప్రకటించింది ఏమిటంటే, తాము ఈ యుద్ధంలో తటస్థులమని. అంతేకాదు, అదే ఆగస్టులో అన్వర్ పాషా రష్యా సైనిక ప్రతినిధిని పిలిచి మైత్రి ప్రతిపాదన కూడా చేశాడు. ఎవరితో యుద్ధానికి రహస్యంగా సంతకం చేశారో వారితోనే స్నేహపు మాటలు!

ఆగస్టు 10న జర్మన్ అడ్మిరల్ సూషోన్ నాయకత్వంలోని 'గోబెన్', 'బ్రెస్లా' అనే రెండు యుద్ధనౌకలు బ్రిటిష్ నౌకలను తప్పించుకుని దర్దనెల్స్ జలసంధిలోకి ప్రవేశించాయి. తటస్థ దేశం రేవులో యుద్ధం చేస్తున్న దేశపు నౌకలు ఉండకూడదు. అందుకని వాటిని కొనుగోలు చేసినట్లు ప్రకటించారు. గోబెన్ 'యావుజ్ సుల్తాన్ సలీం' అయింది, బ్రెస్లా 'మిదిల్లీ' అయింది. జర్మన్ నావికుల తలల మీద ఫెజ్ టోపీలు వచ్చాయి. మన హైదరాబాద్ పెద్దలు రూమీ టోపీ అనేవారే, అదే. ఓడ పేరు మారింది, జెండా మారింది, టోపీ మారింది. ఓడలోని మనుషులు, వారి ఉద్దేశం మారలేదు. సెప్టెంబరులో అదే సూషోన్ ఉస్మానీ నౌకాదళానికి అధిపతి అయ్యాడు.

మంత్రిమండలిలో ఎక్కువమంది యుద్ధం వద్దనేవారే. బాల్కన్ యుద్ధాల గాయాలు ఇంకా మానలేదు, ఖజానా ఖాళీగా ఉంది. ఇక్కడ మన దేశంలో ఫరంగీ మహల్‌కు చెందిన మౌలానా అబ్దుల్ బారీ సాహెబ్ కూడా బ్రిటన్ పక్షాన ఉండండి, లేదంటే తటస్థంగానైనా ఉండండి అని సుల్తాన్‌కు తంతి పంపారు. కాని అక్టోబరులో జర్మనీ నుంచి బంగారం రైల్లో దిగింది. అన్వర్ పాషా మంత్రిమండలికి చెప్పకుండా సూషోన్‌కు దాడికి అనుమతి పత్రం ఇచ్చాడు. 'విన్యాసాల కోసం' అనే పేరుతో నౌకాదళం నల్లసముద్రంలోకి వెళ్లింది. అక్టోబరు 29న ఏ ప్రకటనా లేకుండా ఒడెస్సా, సెవస్తోపోల్, ఫియొదోసియా, నొవొరొస్సిస్క్ అనే నాలుగు రష్యా రేవుల మీద ఫిరంగులు పేలాయి. ఒడెస్సా రేవులో దోనెట్స్ అనే రష్యా గన్‌బోటు మునిగిపోయింది. ఆ ఘడియలో రష్యా రాయబారి ఇస్తాంబుల్‌లో నిశ్చింతగా ఉన్నాడు! బక్రీద్ పండుగ సంబరంలో ఉన్న ఇస్తాంబుల్‌కు, తమ పేరు మీద యుద్ధం మొదలైందనే వార్త అందింది. నవంబరు 2న రష్యా, 5న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి.

ఆకస్మిక నౌకాదాడి అనగానే చాలామందికి 1941 డిసెంబరు 7నాటి పెర్ల్ హార్బర్ గుర్తుకొస్తుంది. అక్కడ యుద్ధానికి వెనకాడుతున్న అమెరికాను జపాన్ కొట్టిన దెబ్బ యుద్ధంలోకి లాగింది. ఇక్కడి సంగతి విచిత్రం. దెబ్బ కొట్టిన జెండా ఎవరిదో, ఇష్టం లేకపోయినా యుద్ధంలోకి లాగబడినవారు వారే. పైగా, రష్యా ఓడలే ముందుగా కయ్యానికి దిగాయని ఒక అధికారిక ప్రకటన కూడా వెలువడింది. ఒక ఒప్పంద భంగాన్ని కప్పడానికి ఒక అబద్ధం తోడయింది.

ఇక షరీఅత్ దృష్టితో చూద్దాం. దివ్య ఖుర్ఆన్ అన్‌ఫాల్ సూరా 58వ ఆయతులో అల్లాహ్ దీనికి స్పష్టమైన నియమం విధించాడు. ఒడంబడిక చేసుకున్న జాతి ద్రోహం చేస్తుందన్న భయం మీకు కలిగితే, ఆ ఒడంబడికను బాహాటంగా వారి వైపు విసిరివేయాలి, అది రద్దయిందన్న సంగతి ఇరుపక్షాలకూ సమానంగా తెలియాలి, ద్రోహులను అల్లాహ్ ప్రేమించడు అన్నది దాని భావం. గమనించండి. ఈ ఆజ్ఞ మంచివారితో వ్యవహారం గురించి వచ్చింది కాదు. ద్రోహం చేయవచ్చునని అనుమానం ఉన్నవారి గురించే వచ్చింది. 'రష్యాను నమ్మలేం, జలసంధుల మీద కన్నేసింది' అనే వాదన నిజమే కావచ్చు. ఆ భయానికి అల్లాహ్ చూపిన మార్గం చీకట్లో దాడి కాదు, పగటి వెలుగులో ప్రకటన.

మా మదరసాల్లో బోధించే 'హిదాయా' గ్రంథం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. సంధి రద్దు చేస్తున్నామని చెప్పిన మరుక్షణం దాడి చేయడం కూడా ధర్మసమ్మతం కాదు. ఆ కబురును వారి రాజు తన రాజ్యం అంచులదాకా చేరవేసేందుకు సరిపడా వ్యవధి గడవాలి. ఎందుకు? సరిహద్దులో ఉన్న సామాన్యుడు ఇంకా తాను శాంతిలోనే ఉన్నాననుకుంటాడు గనక. రేవులో మూటలు మోసే కూలీ, గన్‌బోటు డెక్కు మీద నిద్రపోతున్న నావికుడు, వీరి హక్కు అది. ఎదుటివారు అందరూ కలిసి ముందుగా ద్రోహానికి దిగితే అప్పుడు ప్రకటన అక్కరలేదని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. అయితే ఇక్కడ ఓడలు పట్టుకున్నది బ్రిటన్. గుళ్లు కురిసింది రష్యా రేవుల మీద.

మరో విషయం. ముస్లింలందరి పూచీ ఒక్కటేనని, వారిలో అతి సామాన్యుడు ఇచ్చిన అభయం కూడా అందరికీ వర్తిస్తుందని దైవప్రవక్త (స) బోధించారు. మక్కా విజయం రోజున హజ్రత్ ఉమ్మె హానీ (రజి) అనే మహిళ ఇచ్చిన అభయాన్ని ఆయన అలాగే నిలబెట్టారు. మాట ఇవ్వడానికి ఒక్కరు చాలు. మరి మాట తెంచడానికి? అక్కడ మాత్రం ఒక్కరి రహస్య నిర్ణయం చెల్లదు, అందరికీ తెలిసేలా విసిరివేయాలి. ఇవ్వడం ఎంత సులువో తెంచడం అంత కష్టం. అన్వర్ పాషా ఈ క్రమాన్ని తలకిందులు చేశాడు. జాతి మొత్తం పేరున ఇచ్చిన తటస్థత మాటను ఒక జేబులోని కాగితంతో తెంచాడు. ప్రళయదినాన ప్రతి ద్రోహికీ ఒక జెండా ఎత్తబడుతుందని, ప్రజల నాయకుడు చేసే ద్రోహాన్ని మించిన ద్రోహం లేదని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. నాయకుడు మాట తప్పితే శిక్ష పడేది మాట తప్పనివారి మీద కూడా గనకనే, ఆ పాపం అంత పెద్దదైందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

'యుద్ధమంటే మోసమే కదా, హదీసులో ఉంది కదా' అని కొందరు యువకులు అడుగుతారు. ఉంది. యుద్ధతంత్రంలో శత్రువును ఏమార్చడం అనుమతించబడింది. అయితే ఒడంబడికను, అభయాన్ని భంగపరిచే మోసం అందులోకి రాదని ఇమామ్ నవవీ (రహ్మ) స్పష్టం చేశారు. బనూ ముస్తలిఖ్ మీద వారు ఏమరుపాటుగా ఉన్నప్పుడు దాడి జరిగిన మాట నిజమే, కాని వారితో సంధి లేదు. మక్కా మీద సైన్యం రహస్యంగా కదిలిన మాట కూడా నిజమే. కాని అంతకు ముందే ఖురైషులు తమ మిత్రులకు తోడై, ముస్లింల మిత్రులైన ఖుజాఅ తెగ మీద దాడి చేయించి హుదైబియా సంధిని తామే తెంచారు. దాన్ని అతికించడానికి అబూ సుఫ్యాన్ మదీనా వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్లాడు. అంటే సంధి లేదని వారికి తెలుసు.

హజ్రత్ హుజైఫా (రజి) ఉదంతం ఇంకా కఠినమైనది. బద్ర్‌కు ముందు ఆయనా, ఆయన తండ్రీ ఖురైషుల చేతికి చిక్కారు. ముస్లింల పక్షాన పోరాడబోమని మాట ఇచ్చి విడుదలయ్యారు. బలవంతాన తీసుకున్న మాట, తీసుకున్నది బహుదైవారాధకులు. బద్ర్‌లో ముస్లింలు మూడు వందల పైచిలుకు, శత్రువులు సుమారు వెయ్యి. ఒక్కొక్క మనిషీ విలువైన రోజు అది. అయినా దైవప్రవక్త (స) వారిద్దరినీ మాట నిలుపుకోమని, సహాయం అల్లాహ్‌ను కోరుకుందామని చెప్పి వెనక్కి పంపారు.

హజ్రత్ ముఆవియా (రజి) కాలంలో రోమన్లతో సంధి ఉండేది. గడువు ముగియగానే దాడి చేద్దామని ఆయన ముందే సైన్యాన్ని సరిహద్దు వైపు నడిపించారు. లెక్క ప్రకారం చూస్తే గడువు దాటకుండానే నిలిచినట్టే. అప్పుడొక రౌతు 'అల్లాహు అక్బర్, మాట నిలపాలి, ద్రోహం కూడదు' అని కేకలు వేస్తూ వచ్చాడు. చూస్తే ఆయన హజ్రత్ అమ్ర్ బిన్ అబసా (రజి). గడువు తీరేదాకా సంధి ముడిని వదులు చేయరాదు, బిగించరాదు, లేదా బాహాటంగా విసిరివేయాలి అన్న ప్రవక్త బోధను వినిపించారు. ముఆవియా (రజి) సైన్యంతో సహా వెనుదిరిగారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఈ సంఘటన ఉంది. 1914 అక్టోబరులో లోపించింది సైన్యం కాదు, అలా గుర్రం మీద వచ్చి ఆపిన మనిషి.

ఆలిములమైన మేము మా వంతు లెక్క కూడా చూసుకోవాలి. ముఫ్తీ తనకు వేసిన ప్రశ్నకే జవాబిస్తాడు. 1914 నవంబరు 14న ఇస్తాంబుల్‌లోని ఫాతిహ్ మస్జిద్‌లో షేఖుల్ ఇస్లాం ఖైరీ ఎఫెందీ జిహాద్ ఫత్వాలు చదివి వినిపించబడ్డాయి. ఇస్లామీయ రాజ్యం మీద శత్రువులు దాడి చేస్తే జిహాద్ విధి అవుతుందా? ప్రశ్న అక్కణ్నుంచి మొదలైంది. జవాబు 'అవును' కాక మరేమవుతుంది? అక్టోబరు 29 ఆ ప్రశ్నలో లేదు. ప్రశ్న రాసినవాడే సగం ఫత్వా రాసేస్తాడు.

ఆ ఫత్వా మన ముస్లింలను ఎంత ఇరకాటంలో పెట్టిందో చెప్పనలవి కాదు. హైదరాబాద్ నిజాం, బ్రిటిష్ వారికి విధేయులుగా ఉండమని ముస్లింలకు ప్రకటన జారీ చేశారు. హైదరాబాద్ సంస్థానపు లాన్సర్ల దళం సూయజ్, పాలస్తీనా రంగాల్లో ఉస్మానీ సేనలకు ఎదురుగా నిలిచింది. అటు సరీఖమిష్ మంచుకొండల్లో 1914-15 శీతాకాలంలో వేలాది ఉస్మానీ సైనికులు చలికే చనిపోయారు. 1918 అక్టోబరు 30న, దాడి జరిగిన నాలుగేళ్లకు, ముద్రోస్ రేవులో ఒక బ్రిటిష్ యుద్ధనౌక మీద లొంగుబాటు సంతకాలు జరిగాయి. 1924 మార్చి 3న ఖిలాఫత్ రద్దయింది. చివరి ఖలీఫా కుమార్తె దుర్రె షెహవార్ 1931లో నిజాం పెద్ద కోడలై హైదరాబాద్ వచ్చారు. పురానీ హవేలీలో ఆమె పేరిట ఉన్న ఆసుపత్రిని చూసిన పాఠకులు చాలామందే ఉంటారు.

జరిగిపోయాక చేసేదేముంది అంటారా? హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) కాలంలో సమర్ఖంద్ ప్రజలు ఫిర్యాదు చేశారు, ఖుతైబా సేనాని తమ నగరాన్ని ద్రోహంతో పట్టుకున్నాడని. ఖలీఫా ఖాజీని నియమించమన్నారు. ముస్లిం సైన్యం నగరం విడిచి బయటికి రావాలని, ఆ తర్వాతే సమాన స్థితిలో సంధో యుద్ధమో జరగాలని ఖాజీ తీర్పు చెప్పాడు. ఆ మాట విని నగరవాసులే యుద్ధం వద్దని, ఉన్న స్థితే మేలని రాజీపడ్డారని తబరీ చరిత్ర చెబుతుంది.

ఇస్తాంబుల్‌కు కూడా ఆ పండుగ రోజుల్లో అలాంటి కొద్దిపాటి వ్యవధి దొరికింది. జర్మన్ సైనిక బృందాన్ని పంపివేయమని రష్యా షరతు పెట్టింది. మంత్రిమండలి క్షమాపణ వంటి లేఖ పంపింది గాని, జర్మన్లను పంపలేదు. నలుగురు మంత్రులు రాజీనామా చేశారు: ఆర్థిక మంత్రి జావీద్ బే, మహ్మూద్ పాషా, ఒస్కాన్ ఎఫెందీ, సులైమాన్ బుస్తానీ. చివరి ఇద్దరూ క్రైస్తవులు. ఖలీఫా మాట పోయిందని పదవి వదులుకున్న నలుగురిలో ఇద్దరు ముస్లింలు కారన్న సంగతి మనం దాచుకోనక్కరలేదు. దాడి సంగతి ముందుగా తెలియని ప్రధాని సయీద్ హలీం పాషా కూడా రాజీనామా చేస్తానన్నారు. సహచరులు బతిమాలారు. ఆయన ఆగిపోయారు, 1917 ఫిబ్రవరి వరకు ఆ పదవిలోనే ఉన్నారు.