కాదన్నవాడి బాధ్యత

నవరాత్రుల్లో మూలా నక్షత్రం నాడు మన గుడిలో సరస్వతీ పూజ జరుగుతుంది. పిల్లలు పుస్తకాలు తెచ్చి అమ్మవారి ముందు పెడతారు. ఈ మధ్య లాప్‌టాపులు కూడా పెడుతున్నారు. కిందటేడు పూజ అయ్యాక ప్రసాదం తింటూ ఉంటే ఒక అబ్బాయి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. డేటా సైన్సులో ఎం.ఎస్. పూర్తి చేసి ఓపీటీ మీద ఉన్నాడు. ఉద్యోగం లేకుండా ఉండటానికి అతనికున్న గడువు మొత్తం 90 రోజులు. అందులో 50 అయిపోయాయి. ఊళ్ళో పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు అలాగే ఉంది.

"అంకుల్, మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు రెజ్యూమేలో పెడితేనే ఇంటర్వ్యూలు వస్తాయంటున్నారు. ఎవరైనా ఫోన్ చేస్తే మీ దగ్గర పనిచేశానని చెబుతారా?" అని అడిగాడు.

వెంటనే "తప్పు బాబూ" అనడానికి నాకు నోరు రాలేదు. 1998లో వైటూకే పనుల కోసం నేను ఈ దేశం వచ్చినప్పుడు, అమీర్‌పేటలో మూడు నెలలు నేర్చుకున్న కోబాల్ నా రెజ్యూమేలో రెండేళ్ళ అనుభవం అయిపోయింది. రాసింది వేరొకరు. చూసి ఊరుకున్నది నేను. మొదటి ఉద్యోగంలో ఏడాది పాటు ఎవరినీ ఒక్క సందేహం అడగలేకపోయాను. అడిగితే బండారం బయటపడుతుందని భయం. అలా గట్టెక్కినవాణ్ణి ఇప్పుడు ఇతనికి నీతులు చెప్పడం న్యాయమేనా?

కర్ణుడి కథ మనందరికీ తెలుసు. బ్రాహ్మణుణ్ణని అబద్ధం చెప్పి పరశురాముడి దగ్గర అస్త్రవిద్య నేర్చుకున్నాడు. నిజం తెలిసిన గురువు, అవసరమైన వేళకు ఆ విద్య గుర్తుకు రాదని శపించాడు. అబద్ధమాడితే ఇంతేనని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. కానీ అంతకుముందే కర్ణుడు ద్రోణుణ్ణి బ్రహ్మాస్త్రం నేర్పమని అడిగాడు. ఆయన కాదన్నాడు. ఆ తలుపు మూసుకున్నాకే ఈ అబద్ధం పుట్టింది. తప్పు కర్ణుడిదే, సందేహం లేదు. అయితే కాదని పంపేసిన పెద్దలకు అందులో భాగం లేదా?

డేటా సైన్సులో మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. మోడల్‌కు నేర్పిన డేటాతోనే దానికి పరీక్ష పెట్టకూడదు. కొంత డేటా విడిగా దాచి, చివర్లో దానితో పరీక్షించాలి. చూసినదాన్ని బట్టీపట్టిన మోడల్ కాగితం మీద నూటికి తొంభైతొమ్మిది తెచ్చుకుని, కొత్తది ఎదురైతే చతికిలబడుతుంది. లేని అనుభవమూ అంతే. ఇంటర్వ్యూ దాటిస్తుంది కానీ పని దగ్గర నిలబెట్టదు. పైగా ఆ అబద్ధపు అనుభవ పత్రమే రేపు వీసా కాగితాల్లో చేరితే, ప్రభుత్వానికి అబద్ధం చెప్పినట్టవుతుంది.

నా కథ దాచకుండా అతనికి చెప్పాను. "ఫోన్ వస్తే అబద్ధం చెప్పలేను. కానీ ప్రతి శనివారం ఉదయం రెండు గంటలు నీకిస్తాను" అన్నాను. చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా స్వచ్ఛందంగా చేసినా ఓపీటీలో లెక్కకు వస్తుందని యూనివర్సిటీలో అడిగి తెలుసుకున్నాం. పేదలకు ఆహారం పంచే ఒక సంస్థలో, ఏ వారం ఎంత సరుకు కావాలో అంచనా కట్టే పనికి కుదిరాడు. అతను రాసిన ప్రోగ్రాములు శనివారాల్లో ఇద్దరం కూర్చుని దిద్దేవాళ్ళం. అయిదు నెలలకు చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. అబద్ధం పెట్టిన అతని స్నేహితుడికి అంతకు ముందే వచ్చింది, జీతమూ ఎక్కువే. ఆ మాట దాచి నీతి చెప్పడం కూడా అబద్ధమే అవుతుంది. కానీ మా వాడు ఆఫీసులో "ఇది నాకు తెలియదు, చెప్పండి" అని ధైర్యంగా అడగగలుగుతున్నాడు. ఆ మాట అనడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

నాకు అర్థమైంది ఇదే. అబద్ధానికి సాయం చేయనని చెప్పడం సగం ధర్మమే. కాదన్నవాడు ఆ కాదనడానికి బదులుగా తన సమయం ఇవ్వాలి. అప్పుడే అది పూర్తి ధర్మం. ఇరవై, ముప్ఫై ఏళ్ళుగా ఈ రంగంలో ఉన్నవాళ్ళం మన గుడిలోనే ఎంతోమందిమి ఉన్నాం. ఈ విజయదశమికి మన పనిముట్లకు పూజ చేసుకున్నాక, వారానికి ఒక గంట ఒక పిల్లవాడికో, పిల్లకో ఇస్తామని అమ్మవారి ముందు అనుకుందాం.

అందరికీ దసరా శుభాకాంక్షలు.