చూడ్డానికి వచ్చినవాళ్లు

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. తనకల్లు దాటి ఆమె చూసినవి కదిరి, తిరుపతి, బెంగళూరు, ఒకసారి మంత్రాలయం. సముద్రం చూడలేదు. నిరుడు సంక్రాంతి అయినాక ధర్మవరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి విశాఖపట్నం పిలుచుకుపోయాను. నాలుగు రోజులున్నాం. అందరూ చూసేవే మేమూ చూశాం. వాటి అందాల గురించి చాలామంది నాకంటే బాగా రాశారు కాబట్టి ఆ జోలికి పోను. మూడో రోజు పొద్దున బీచ్‌లో ఒకామె నన్నొక మాట అడిగింది. అప్పటినుంచి అది నన్ను వదలడం లేదు.

ముందు ఎర్రమట్టి దిబ్బల సంగతి చెప్పాలి. భీమిలి దారిలో ఉంటాయవి. వేల ఏళ్లపాటు గాలీ నీరూ కలిసి పోగేసి, మళ్లీ కోసిన ఎర్ర ఇసుక గుట్టలు. వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారని గొప్పగా చెప్పాను. అమ్మ ఇంత మన్ను వేళ్లతో నలిపి చూసి, "ఎర్రమన్ను చూసేకి ఇంత దూరం రావల్లనా నాయనా?" అంది. ఎర్రనేలలో శెనక్కాయలు పీకి పీకి చేతిగోళ్లు అరిగినామెకు ఏం చెప్పేది?

కురుసుర మాత్రం ఆమెకు నచ్చింది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి అది. మరుసటేడు ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. లోపల నడవాలంటే వంగి వంగి పోవాలి. మాకు చూపించినాయన మాజీ నావికుడు. "మీరు యాడ పండుకుంటాంటిరి నాయనా?" అని అమ్మ అడిగితే, ఆయన నవ్వి ఇరుకు పడకలు చూపించాడు. లోపలుంటే పగలూ రాత్రీ తెలియవని, నీళ్లు కొలిచి వాడుకోవాలని చెప్పాడు. నీళ్ల సంగతి రాగానే అమ్మకు ఆయన బంధువైపోయాడు. అక్కడ నాకే ఇబ్బందీ అనిపించలేదు. ఆయన తన బతుకును తానే చూపిస్తున్నాడు. ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో ఆయన చేతిలోనే ఉంది.

మూడో రోజు పొద్దున్నే జాలరిపేట వైపు నడిచాం. తెప్పలు ఒడ్డుకొచ్చి ఉన్నాయి. మగవాళ్లు వలల్లోంచి చేపలు విదిలిస్తున్నారు. గంప ముందు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది, వెనక అప్పుడే ఎక్కుతున్న పొద్దు. ఫోన్ తీసి రెండు ఫోటోలు కొట్టేశాను. మూడోదానికి, "ఒకసారి ఇటు చూడమ్మా" అన్నాను.

"సేపలు కొంతావా బాబూ? కొనవా? మరెందుకు సూడాల నీకేసి?"

కోపమేమీ లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ "ఇటు చూడు" అనే మాట నేను ఇంతకుముందే విన్నాను, ఇంకొకరి నోట, మా చేన్లో.

2002 కరువు. నేను పదో తరగతి. చెనిక్కాయ చేను గడ్డకు గడ్డే ఎండిపోయింది. ఒక పత్రిక నుంచి ఇద్దరు జీపులో వచ్చారు. మా నాయన అప్పుడే తలకు నీళ్లు పోసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. అది విప్పమన్నారు. చేన్లో గొంతుక్కూర్చోబెట్టి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని "పైకి చూడు పెద్దాయనా" అన్నారు. మా నాయన ఏనాడూ వానకోసం అట్లా చూసిన మనిషి కాదు. గాలి ఎటు తిరిగిందో ఒంటికి తెలిసేది ఆయనకు. అయినా చూశాడు. మర్నాడు కాకుండా ఆ మర్నాడు ఫోటో వచ్చింది. కింద పేరు లేదు, రైతు అని మాత్రం ఉంది. అంగట్లో ఎవరో చూపిస్తే, "నేనేమన్నా మోడం ఎట్లుంటాదో తెలీనోణ్ణా?" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం మాది. మా కరువూ చూడదగ్గ ప్రదేశమే. కేంద్ర బృందాలు కార్లలో వస్తాయి, అధికారులు ఎండిన మొక్క పీకి చూపిస్తారు, కెమెరాలు వస్తాయి. ఆ ఫోటోలు లేకపోతే ఢిల్లీలో ఎవరికి తెలిసేది? ఈ మాటలో నిజముంది. పరిహారమంటూ ఏదైనా వస్తే ఇలాంటి చూపుల వల్లే వచ్చి ఉంటుంది కూడా. కాబట్టి "చూడొద్దు, ఫోటోలు తియ్యొద్దు" అని చేతులు దులుపుకోవడం నాకు కుదరదు. చూడకపోవడం మర్యాదలాగే కనిపిస్తుంది కానీ, చాలాసార్లు అది పట్టించుకోకపోవడమే.

అలాగని కళ్లకు పన్ను లేదుగా అనేవాళ్లతోనూ ఏకీభవించలేను. అరకులో రాత్రిపూట రిసార్టుల్లో మంట చుట్టూ థింసా ఆడిస్తారు. చైత్ర పండగలో తమకోసం తాము ఆడుకునే ఆట అది. డబ్బొస్తుంది, వాళ్లకది అవసరం, తప్పనడానికి నేనెవర్ని? కాకపోతే ఒకటి అడగొచ్చు: కాళ్లు నొప్పెట్టినప్పుడు ఆట ఆపే మాట ఎవరిది? ఆడేవాళ్లదా, చూసేవాళ్లదా? మా నాయన చొక్కా విప్పనని అనగలిగేవాడా? అనొచ్చని ఆయనకు తోచి ఉంటుందా?

మేము మాత్రం సరిగ్గా చూస్తామా అంటే అదీ లేదు. మా దగ్గర్లోనే గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఐదెకరాలకు పైగా పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. బడి నుంచి రెండుసార్లు తీసుకుపోయారు. ఊడలు పట్టుకుని ఊగాం, చిత్రాన్నం తిన్నాం, ఎకరాలెన్నో కాపీల్లో రాసుకున్నాం. భర్త చితిలో కాలిపోయిన ఆడమనిషి పేరు ఆ చెట్టుది. చితి నాలుగు మూలల గుంజల్లో ఒకటి చిగిర్చి మానైందని కథ. ఆమె ఇష్టపడే వెళ్లిందా అని మా పంతులయ్య అడగలేదు, మాకూ తోచలేదు. కొలతలు చూసొచ్చాం.

ఆఖరి రోజు సింహాచలం. కదిరి నరసింహుడు మా ఇంటి దేవుడు కాబట్టి అమ్మకు ఇది ముఖ్యం. ఇక్కడి స్వామి ఏడాదంతా చందనంలో మునిగి ఉంటాడు. ఆ పూత తీసి నిజరూపం చూపించేది వైశాఖంలో అక్షయతృతీయ ఒక్కరోజే. మిగతా రోజుల్లో ఎంత దూరం నుంచొచ్చినా కనిపించేది గంధం ముద్దే. ఇంత దూరమొచ్చీ స్వామిని చూడలేకపోయామే అని నేనంటే, "ఆయప్ప చూపిచ్చినంతే చూడల్ల" అంది అమ్మ. నేను భక్తుణ్ణేం కాదు. అయినా తనను చూడ్డానికి వచ్చినవాళ్లకు ఇన్నాళ్లు కాదు అని చెప్పగలగడం, జనం దానికి ఒప్పుకుని వరసలో నిలబడటం నాకు బాగా అనిపించింది. జాలరిపేటలో ఆమె అడిగింది అందులో వందో వంతు కూడా కాదు.

ఆ పొద్దున తర్వాత ఏం జరిగిందంటే, నేను తలదించుకుని నిలబడి ఉండగా అమ్మ ఆమె పక్కన ఇసుకలో కూర్చుంది. కానాగంతలు కిలో ఎంత అని మొదలుపెట్టి గంటసేపు లేవలేదు. ఇద్దరి యాసలూ ఒకరివొకరికి సగమే అర్థమైనట్టున్నాయి. మేముండేది లాడ్జిలో, వండుకునే దారి లేదు, అయినా అరకిలో కొంది. ఆ చేపలు చివరికి లాడ్జి వాచ్‌మన్ ఇంటికి చేరాయి.

"సముద్రం చూస్తివా మా?" అన్నాను తిరిగొస్తూ. ఆ గంటసేపూ సముద్రానికి వీపు పెట్టే కూర్చుందామె.

"చూస్తి. నీళ్లు. ఆయమ్మకు ఇద్దరు కొడుకులంట, ఒగడు చెన్నైలో ఉండాడంట. పెద్దోనికి పిల్ల కుదర్లేదంట. ఎండు చాపలు ఇంటికి పంపిస్తా అనింది, మన అడ్రస్ రాసిచ్చినా."

ఆ రెండు ఫోటోలూ ఇంకా నా ఫోన్‌లోనే ఉన్నాయి. తీసెయ్యలేదు. ఆమె పేరేమిటో అమ్మను అడగాలి.