మూడో ముక్కను చూసేదెవరు?

గణిత సత్యాలు మనిషి కనుగొనేవా, కల్పించేవా అన్న ప్రశ్నకు పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో జవాబులు ప్రధానంగా రెండు పక్షాలుగా నడిచాయి. గణిత వాస్తవం మనకు వెలుపల ఉందనీ, గణితజ్ఞుడు దాన్ని చూసి చెప్పేవాడు మాత్రమేననీ 1940లో వెలువడిన తన గ్రంథంలో గణితజ్ఞుడు జి.హెచ్. హార్డీ వాదించగా, గణితజ్ఞుడు కనుగొనేవాడు కాడు, కల్పించేవాడని తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ భావించాడు. ఈ వివాదాన్ని ‘సెట్’ అనే ముక్కల ఆట మీద పెట్టి పరీక్షిస్తే, రెండు పక్షాలూ వదిలేసిన భాగం ఒకటి బయటపడుతుంది. దానికి భారతీయ దర్శనాల్లో ఒకటైన వైశేషికాన్ని అనుసరించేవారి, అంటే వైశేషికుల, సంఖ్యావిచారంలో చోటు దొరుకుతుంది.

జర్మన్ షెపర్డ్ కుక్కల్లో మూర్ఛవ్యాధి వంశపారంపర్యంగా వస్తుందా అని కేంబ్రిడ్జ్‌లో పరిశోధిస్తున్న జన్యుశాస్త్రవేత్త మార్షా ఫాల్కో, ఒక్కో కుక్క వివరాలను అట్టముక్కల మీద గుర్తులతో సూచించే క్రమంలో 1974లో ఈ ఆటకు రూపమిచ్చింది. అది 1990లో మార్కెట్లోకి వచ్చింది. ప్రతి ముక్కకూ సంఖ్య, ఆకారం, రంగు, నింపుడు అనే నాలుగు లక్షణాలు, ఒక్కో లక్షణానికి మూడేసి రకాలు ఉంటాయి కనుక మొత్తం ముక్కలు 81. ఏ లక్షణం తీసుకున్నా మూడు ముక్కల్లోనూ ఒకేలా ఉండాలి, లేదా మూడింటిలోనూ వేర్వేరుగా ఉండాలి. అలాంటి మూడు ముక్కల కూటమే సెట్. పరచిన పన్నెండు ముక్కల్లో దాన్ని ముందుగా పసిగట్టినవారు ఆ మూడింటినీ తీసుకుంటారు. ఏ రెండు ముక్కలు ఎంచుకున్నా వాటితో సెట్ అయ్యే మూడో ముక్క ఒకటి, ఒకే ఒక్కటి ఉంటుంది. ఆ లెక్కన మొత్తం సెట్లు 1080. ముక్కలను బిందువులుగా భావిస్తే సెట్ ఒక సరళరేఖ అవుతుంది కనుక, ఈ ఆట పరిమిత సంఖ్యలో బిందువులుండే జ్యామితికి అచ్చమైన నమూనా.

ఒక్క సెట్ కూడా లేకుండా గరిష్ఠంగా ఎన్ని ముక్కలు పరచవచ్చు? జవాబు 20, ఇరవై ఒకటోది చేరితే సెట్ తప్పదు. ఈ ఫలితానికి మూలమైన జ్యామితి నిరూపణను ఇటలీ గణితజ్ఞుడు జ్యూసెప్పె పెల్లెగ్రినో ప్రచురించింది 1971లో, అంటే ఆట పుట్టకముందే. నియమం మనిషి పెట్టుకున్నదే, లక్షణాలు నాలుగుకు బదులు ఐదుగా ఉండాలనుకోవడానికీ అడ్డేమీ లేదు. కానీ నియమం కుదిరాక 20 అన్నది ఎవరి ఇష్టాయిష్టాలకూ లొంగదు. కల్పన వాదం ఇక్కడ బలహీనపడుతుంది. అలాగని హార్డీ పక్షం గెలిచినట్టూ కాదు, ఎందుకంటే బల్లమీది మూడు ముక్కలను వేరుచేసి ‘ఇది ఒక కూటమి’ అని పట్టుకునే చూపు ఆ పక్షంలో అదనపు అలంకారంగా మిగిలిపోతుంది.

వైశేషికులు ఆ చూపును కారణాల్లో ఒకటిగా లెక్కించారు. వారి మతంలో ఏకత్వం ప్రతి ద్రవ్యంలోనూ ఉంటుంది గానీ, ద్విత్వం మొదలైన పై సంఖ్యలు ‘ఇది ఒకటి, ఇది ఒకటి’ అనే కూడిక చూపుతో పుడతాయి. ఆ చూపునే అపేక్షాబుద్ధి అంటారు. పదిహేడో శతాబ్దంలో తర్కసంగ్రహం రచించిన తెలుగు పండితుడు అన్నంభట్టు కూడా ద్విత్వాదులు ఎక్కడైనా అనిత్యాలేనని తేల్చాడు. ద్విత్వానికి రెండు వస్తువులు సమవాయి కారణం, అంటే అది ఆశ్రయించి ఉండే చోటు. వాటిలోని ఏకత్వాలు అసమవాయి కారణం. చూసేవాడి బుద్ధి నిమిత్త కారణం. ఈ విభజనను ఆటకు అన్వయిస్తే ముక్కలూ, వాటి లక్షణాలూ, ఆటగాడి చూపూ వేటి స్థానంలో అవి నిలుస్తాయి. సెట్ చూపుతోనే ఏర్పడుతుంది, అయినా చూపు దాన్ని ఇష్టమొచ్చినట్టు ఏర్పరచలేదు. రెండు పాశ్చాత్య పక్షాలకంటే ఇది సునిశితమైన వివరణ అనడంలో సందేహం లేదు.

అయితే ఎవరూ చూడని సెట్ మాటేమిటి? ఇలాంటి ఇబ్బందే పరమాణువుల విషయంలో ఎదురైంది. రెండు పరమాణువుల కలయిక అయిన ద్వ్యణుకపు పరిమాణానికి పరమాణువుల్లోని ద్విత్వమే కారణమని వైశేషికులు ఒప్పుకున్నారు. సృష్ట్యాదిలో లెక్కించే శరీరధారి ఎవరూ లేరు కనుక, ఆ ద్విత్వాన్ని పుట్టించిన అపేక్షాబుద్ధి ఈశ్వరుడిదే కావాలని ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో వాదించాడు. ఆయన చూపిన ఈశ్వర సాధక హేతువుల్లో సంఖ్య ఒకటి కావడం, లెక్కను ఎంత గంభీరంగా తీసుకున్నారో చెబుతుంది. ఈశ్వరుణ్ణి అంగీకరించనివారికి ఈ వాదం రుచించకపోవచ్చు, కానీ చూపు లేనిదే సంఖ్య లేదన్నవాడు అందుకు చెల్లించవలసిన మూల్యాన్ని దాచుకోకుండా చెల్లించాడు.

‘సెట్ లేదు’ అనే జ్ఞానం ఇంకా చిక్కైనది. పన్నెండు ముక్కల్లో ఎవరికీ సెట్ కనిపించకపోతే మరో మూడు పరుస్తారు. తీరా చూస్తే సెట్ అక్కడే ఉండి కంటికి తప్పిపోయి ఉండవచ్చు. ఉంటే తప్పక కనిపించి ఉండేదని చెప్పగలిగినప్పుడే కనిపించకపోవడం వల్ల లేమి తెలుస్తుందని న్యాయదర్శన పండితులైన నైయాయికులు షరతు పెట్టారు, దానికి యోగ్యానుపలబ్ధి అని పేరు. ఆటగాడి చూపు ఆ షరతును అరుదుగా తీరుస్తుంది. పెల్లెగ్రినో నిరూపణకు ఆ షరతే అవసరం లేదు, ఎందుకంటే అది కన్ను పని కాదు, అనుమానం, అంటే ‘ఇది ఉన్నచోటల్లా అది ఉంటుంది’ అనే నియమాన్ని (వ్యాప్తిని) ఆధారంగా చేసుకున్న నిర్ధారణ.

లక్షణాలను ఐదుకు పెంచితే 243 ముక్కల్లో సెట్ లేని అతిపెద్ద గుంపు 45, ఆరుకు పెంచితే 729లో 112. ఏడు లక్షణాలకు, అంటే 2187 ముక్కలకు, కచ్చితమైన సంఖ్య ఇంకా తేలలేదు. ఒక్కో లక్షణం చేరినకొద్దీ ముక్కలు మూడు రెట్లవుతున్నా, ఆ గుంపు పెరుగుదల అంతిమంగా 2.756 రెట్లకు మించదని 2016లో గణితజ్ఞులు ఎలెన్‌బర్గ్, గైస్‌వైట్ నిరూపించారు. ఇక్కడ పెంచుతూ పోయేది వస్తువుల సంఖ్యను కాదు, లక్షణాల సంఖ్యను. ప్రాచీన వైశేషికంలో సంఖ్య ఒక గుణం, గుణంలో గుణం ఉండదు, లక్షణాలూ గుణాలే కాబట్టి ‘నాలుగు లక్షణాలు’ అన్న మాటే ముఖ్యార్థంలో చెల్లదు. గుణాలను సైతం లెక్కిస్తున్నాం కనుక సంఖ్యను గుణాల జాబితాలోంచి తీసి ప్రత్యేక పదార్థంగా నిలపాలని నవ్యన్యాయంలో రఘునాథ శిరోమణి పట్టుబట్టాడు. 20, 45, 112 అనే వరుసకు శాస్త్రంలో చోటు దక్కేది ఆ సవరణను ఒప్పుకున్న తర్వాతే.