మార్జాల కిశోరము – మాతృహృదయము

భగవద్రక్షణను గూర్చి మన పెద్దలు రెండు ఉపమానములు చెప్పినారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూన ఏమియు పట్టుకొనదు. తల్లియే దానిని నోట కరచి కొనిపోవును. ఈ మర్కట, మార్జాల కిశోర న్యాయములపై వడగలై, తెంగలై సంప్రదాయముల నడుమ చర్చ ఎంతయో కలదు. దాని నటుంచి, తనను పట్టుకొనని బిడ్డను పెంచుచున్న తల్లిని గూర్చి ఒకింత ఆలోచింతము.

1943లో బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి, నేడు ఆటిజం అనబడు స్థితిని వర్ణించెను. ఎత్తుకొనబోవునపుడు పసివారు దేహమును ముందుగనే సిద్ధపరచుకొందురు గదా! వీరు అట్లు చేయకుండుట తల్లులను ఆశ్చర్యపరచినదని ఆయన వ్రాసెను. బిడ్డకు ప్రేమ లేదని దీని యర్థము కాదు. ఆ ప్రేమ వేరొక త్రోవన వచ్చును. ఆ త్రోవను తల్లి వెదకి నేర్చుకొనవలెను.

ఆమె బలము ఇక్కడనే కలదు. దానిని ఓర్పు అను ఒక్క మాటతో సరిపెట్టుట నాకు సమ్మతము కాదు. గిన్నె పడిన చప్పుడునకు బిడ్డ ఏల చెవులు మూసుకొనెనో, క్రొత్త చొక్కా తొడిగిన ఏల ఏడ్చెనో, నిత్యము పోవు దారి మారిన ఏల బెదరెనో, మాటలు లేకయే ఆమె చదువుకొనును. ప్రక్కింటి పిల్లవానితో పోల్చుకొను అలవాటును విడుచును. ప్రతి పుట్టినరోజునకు మరల విడువవలసి వచ్చును. నిన్న చెంచా పట్టని చేయి నేడు పట్టినచో ఆ యింట పండుగయే. తాము నేర్చినది పదుగురికి పంచిన తల్లులును గలరు. 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను స్థాపించిన మేరీ బరువా అట్టి తల్లియే.

లోకము మాత్రము ఆమెను నిందించినది. తల్లుల ప్రేమరాహిత్యమే ఈ స్థితికి మూలమను వాదమును బ్రూనో బెటల్‌హైమ్ 1967 నాటి తన గ్రంథమున ప్రచారము చేసెను. అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దానిని ఖండించియుండెను. తరువాతి పరిశోధనలు రిమ్లాండ్ పక్షమునే నిలిచినవి. అయినను అదే నింద "పెంపకము సరిగా లేదు", "పూర్వజన్మ పాపము" అను మాటలతో మన యిండ్లలో నేటికిని వినబడుచున్నది. పరుల కర్మను లెక్కగట్టు అధికారము మనకెవ రిచ్చినారు?

పొగడ్తలోను ఒక మోసము కలదు. "తల్లి గనుక భరించును" అని కొనియాడి, తండ్రియు బంధువులును తప్పుకొందురు. ఉపమానము ఇక్కడ నిలువదు. కూనను మోయు భగవంతునికి అలసట లేదు, ఈమెకు కలదు. ఆమెకును నిదుర కావలెను, ఒక పూట బిడ్డను చూచుకొను మరియొక చేయి కావలెను. దర్శనపు వరుసలో ఘంటానాదమునకు బెదరి బిడ్డ కేకలు వేసినచో, ముందువారు వెనుదిరిగి తల్లిని తూచుట మాని కొంచెము దారి యిచ్చిన చాలును. ఆమెయు ఆ పూట గోవిందుని కన్నులార చూచి వచ్చును.