పండుగ చందా దానమగునా?

భాద్రపద శుద్ధ చవితికి పదిదినములు ముందుగనే హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలో వీధి మొగదల బాలురు త్రాడు కట్టి నిలుచుట చదువరు లెఱిగినదే. నాలుగు రూపాయలు చేతిలో బడినగాని త్రాడు దిగదు. అంతవఱకు వేడుకయే. పెద్దలు రసీదు పుస్తకముతో ఇల్లిల్లు తిరుగునప్పుడు మాత్రము విచారింపదగిన ప్రశ్న యొకటి పుట్టుచున్నది.

వినాయక చవితి మొదట ఇంటిపండుగ. చెఱువుమట్టితో మూర్తిని జేసి, ఇరువదియొక్క విధముల పత్రితో పూజించి, ఉండ్రాళ్లు నివేదించి, కథ విని అక్షతలు శిరస్సున దాల్చుదురు. దీనికగు వ్యయము స్వల్పము. వీధి పందిరి యట్లు కాదు. అది ప్రాచీనాచారమని పలువురి భ్రమ. పూనాలో 1892లో భావుసాహేబు రంగారి మొదలగువారు ఆరంభింపగా, మరుసటి యేడు బాలగంగాధర తిలకుగారు తమ కేసరి పత్రికలో దానిని శ్లాఘించి దేశమున వ్యాపింపజేసిరి. పరప్రభుత్వపు కాలమున జనులు కులభేదము విడిచి యొకచోట కూడవలెనని వారి యుద్దేశము. హైదరాబాదు ఖైరతాబాదులో 1954లో ఒక్క యడుగు మూర్తితో మొదలైనది క్రమముగా పెరిగి 2014లో అరువది యడుగులైనది. మూర్తితోపాటు ఖర్చును పెరుగక మానునా? పూర్వము దేవాలయోత్సవములకు రాజులు మాన్యము లిచ్చెడివారు. 1565 తరువాత విజయనగరపు రాజధానియైన పెనుకొండవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు. పందిరికి మాన్యము లేదు. చందాయే దాని మాన్యము.

మే మెఱిగిన ధర్మవరపు నేతగా డొకడు పట్టునూలు బాకీ తీర్చుటకై దాచిన సొమ్ము తీసి చందా యిచ్చెను. ఎవ్వరును బెదరింపలేదు. నిరుడు వాడిచ్చిన మొత్తమును, ఈయేడు ఇరుగుపొరుగు లిచ్చినదియు, గడపలో నిలిచి పదిమంది వినునట్లు చదివిరి, అంతియే. "ఇయ్యకున్న వీధిలో తలయెత్తుకొని తిరుగుటెట్లు, అయ్యా?" అని వాడు మాతో ననెను.

న్యాయవాదులము గనుక మాకు తోచినది చట్టమే. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 122వ సెక్షను దానమును నిర్వచించుచు, అది స్వచ్ఛందముగను ప్రతిఫలము లేకయు జరుగవలెనని చెప్పుచున్నది. అది చరస్థిరాస్తుల సంగతి, మనది మనస్సాక్షి సంగతి; అయినను కొలత మంచిదే. నేతగాని సొమ్ము స్వచ్ఛందమా? చట్టరీత్యా బలాత్కారము లేదు. ప్రతిఫలము మాత్రము కలదు: నిందనుండి విముక్తి. వాడు దానము చేయలేదు, మాటపడకుండుటను కొనుక్కొనెను.

దీనికొక గట్టి యాక్షేపణ గలదు. కొంత యొత్తిడి లేనిచో ఊరిపని యేదియు సాగదు. పూర్వము కుడిమరామత్తు పేర చెఱువు పూడిక తీయుటకు రైతులందఱు బలవంతముగనే వచ్చెడివారుగదా అందురు. సత్యమే. కాని చెఱువు నిండకున్న ఆ రైతు పొలమే యెండును. రానివాని తప్పున కితరులు నష్టపడుదురు. పందిరి రెండడుగులు తగ్గినచో నష్టపడువా డెవ్వడు?

ఇందు విచిత్ర మేమన, ఆనాడు మనము వినెడి కథ శమంతకోపాఖ్యానము. ప్రసేనుని జంపి మణి నపహరించెనని లోకులు కృష్ణునిపై నింద మోపిరి. ఆయన నలుగురిని వెంటబెట్టుకొని యడవికి బోయి, సింహపు టడుగులు, భల్లూకపు టడుగులు చూపి నిజము తేల్చెను. లోకుల మాటకు వెఱచి వేఱొక మణి కొని యీయలేదు. ఆ కథ విని అక్షతలు వేసికొన్న చేతులతోనే నింద భయము నాధారము జేసికొని సొమ్ము వసూలు చేయుచున్నాము.

పెక్కుచోట్ల ఇచ్చినవారి పేర్లు పలకపై వ్రాయుదురు. ఖర్చుల లెక్క యొకరిద్దరి జేబులో నుండును. ఇది తలక్రిందులు. దేవాలయపు హుండీవలె మూసిన పెట్టె పెట్టి, లెక్క మాత్రము పందిరి స్తంభమున కంటింపుడని మా వీధి పెద్దలతో నంటిమి. లెక్క యంటించుటకు సమ్మతించిరి. పెట్టెకు సమ్మతింపలేదు. "పెట్టె యైనచో ఎవరు వేయుదురండీ?" అని వారు నవ్విరి. వారు నవ్విరి గాని, మాకు నేతగాని ముఖము జ్ఞప్తికి వచ్చెను. వచ్చు చవితికి మరల నడుగ నిశ్చయించితిమి.