ఆకుపచ్చ డ్రాగన్ల కూలి

2007లో నెదర్లాండ్స్‌లోని లేవార్డెన్ అనే ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు ఒక పదమూడేళ్ళ పిల్లవాణ్ణి పట్టుకుని కొట్టారు, కత్తి చూపించి బెదిరించారు. వాళ్ళకి కావలసింది అతని జేబులో డబ్బో, చేతి గడియారమో కాదు. రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆటలో అతని దగ్గరున్న ఒక తాయెత్తు, ఒక ముసుగు. అతనిచేత లాగిన్ చేయించి, ఆటలో ఆ రెండూ కింద పడేయించి, తమ పాత్రతో ఏరుకున్నారు.

కేసు డచ్ సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. ముద్దాయి తరఫు వాదన చాలామందికి తట్టేదే. అవి వస్తువులు కావు, సమాచారం. ఒకవేళ వస్తువులే అయినా ఆట తయారుచేసిన కంపెనీవి గానీ ఆ పిల్లవాడివి కావు. ఇక దొంగతనం ఎక్కడిది? 2012 జనవరి 31న కోర్టు మాత్రం ఇది దొంగతనమేనని తేల్చింది. వాటిని సంపాదించడానికి ఆ పిల్లవాడు సమయమూ శ్రమా పెట్టాడు. వాటిమీద అధికారం అతనొక్కడికే ఉండేది. ఇప్పుడు పోయింది. అంతే.

నాకీ తీర్పు నచ్చింది. కానీ ఈ తర్కాన్ని పట్టుకుని నడిస్తే అది మనల్ని ఎక్కడ దింపుతుందన్నది ఆలోచించాలి. ఎందుకంటే శ్రమ వల్లే వస్తువు సొంతమవుతుందన్నప్పుడు, ఆటలో అందరికంటే ఎక్కువ శ్రమపడేవాళ్ళు సరదాగా ఆడే మనం కాదు.

ముందు విలువ సంగతి. ఆటలోని కత్తిని ఇంకో లక్షసార్లు తయారుచెయ్యడానికి కంపెనీకి ఖర్చేమీ కాదు. కొరత కావాలని పెట్టినదే. రూన్‌స్కేప్‌లో 2001 క్రిస్మస్‌కి పంచిన కాగితం టోపీలు ఇందుకు మంచి ఉదాహరణ. పార్టీ హ్యాట్ అంటారు. పెట్టుకుంటే బలం పెరగదు, దెబ్బ ఆగదు. అప్పట్లో వాటిని పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. కంపెనీ వాటిని మళ్ళీ విడుదల చెయ్యలేదు, అంతే, అవి ఆటలోకెల్లా ఖరీదైన వస్తువులైపోయాయి. ఆటలో ఒక చోట పట్టే నాణేల గరిష్ఠ సంఖ్య 214 కోట్ల 74 లక్షల చిల్లరగా ఉండేది. కంప్యూటర్ ఆ లెక్కకి కేటాయించిన జాగా అంతే. కొన్ని టోపీల ధర ఆ అంకెనీ దాటిపోయింది.

ఇదంతా భ్రమ కదా అంటారు. మరి 2016 నవంబర్ 8 రాత్రి మన జేబుల్లోని ఐదొందల నోట్లకి ఏమైంది? కాగితం అదే, రంగు అదే, గాంధీ బొమ్మ అదే. ఇచ్చినవాడు ఇక చెల్లదన్నాడు. విలువ అనేది నలుగురి ఒప్పందం మీద, జారీచేసినవాడి మాట మీద నిలబడుతుందన్న సంగతి ఆటలో కొంచెం స్పష్టంగా కనిపిస్తుంది, అంతే తేడా.

ఈ ఒప్పందంలోకి బయటి డబ్బు దూరినప్పుడు తగాదా మొదలవుతుంది. ఆటలో బంగారం పోగేసి, బయట డాలర్లకి అమ్మేవాళ్ళని గోల్డ్ ఫార్మర్లు అంటారు. వీళ్ళని అడ్డుకోవడానికి రూన్‌స్కేప్ కంపెనీ జాగెక్స్ 2007 చివర్లో, 2008 మొదట్లో ఒక పని చేసింది. ఇద్దరు ఆటగాళ్ళ మధ్య మారకం రెండువైపులా దాదాపు సమానంగా ఉండాలంది. ఒక చిన్న పరిమితి దాటి ఎవరూ ఎవరికీ ఊరికే ఏమీ ఇవ్వకూడదు. బంగారం అమ్మేవాళ్ళు దొంగిలించిన క్రెడిట్ కార్డులు వాడుతున్నారన్నది కంపెనీ చెప్పిన కారణం. కారణం చిన్నదేం కాదు.

కానీ ఆ నిబంధన ఎవరి మీద పడిందో చూడండి. ఆటలోపల నుంచి చూస్తే అమ్మకమూ బహుమతీ ఒకేలా ఉంటాయి. ఒకడు ఇస్తాడు, ఇంకొకడు తీసుకుంటాడు, తిరిగి ఏమీ రాదు. అమ్మకంలో డబ్బు వేరే కిటికీలో చేతులు మారుతుంది. బహుమతిలో ఏదీ మారదు. సర్వర్‌కి ఈ రెండింటికీ తేడా తెలియదు. అందుకని అమ్మకాన్ని ఆపాలంటే బహుమతినీ ఆపాల్సి వచ్చింది. నేను ఈ ఆటలో కొత్తగా అడుగుపెట్టినప్పుడు పేరూ ఊరూ తెలియని ఒకాయన నా కంచు కత్తి చూసి, తన దగ్గరున్న మంచి కత్తి ఒకటి ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ నిబంధన ఉన్న మూడేళ్ళూ అలాంటి పని దాదాపు అసాధ్యం. 2011 జనవరిలో కంపెనీ ఆటగాళ్ళనే ఓటు అడిగింది. పన్నెండు లక్షలకి పైగా ఓట్లు పడ్డాయి. నూటికి 91 మంది స్వేచ్ఛా మారకం తిరిగి కావాలన్నారు. మోసం మళ్ళీ వస్తుందని తెలిసే అడిగారని నా నమ్మకం. ఇచ్చే హక్కు లేని చోట స్నేహం ఉత్త పలకరింపుగా మిగులుతుంది.

మోసగాళ్ళు వచ్చారు కూడా. అయితే వాళ్ళతోపాటు ఇంకో రకం మనుషులూ వచ్చారు. వెనిజులాలో బొలివార్ విలువ కుప్పకూలింది. 2018లో ఆ దేశం తన కరెన్సీలో ఐదు సున్నాలు కొట్టేసింది, 2021లో ఇంకో ఆరు. అలాంటి చోట ఒక ఆటలోని నాణెం దేశపు నాణెం కంటే నమ్మకమైనదైంది. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో వైల్డర్‌నెస్ అనే ప్రాంతముంటుంది. అక్కడ ఒక ఆటగాడు ఇంకో ఆటగాణ్ణి చంపి, అతని దగ్గరున్నది దోచుకోవచ్చు. ఆకుపచ్చ డ్రాగన్లు అక్కడ తిరుగుతుంటాయి. 2017 నాటికి వెనిజులా జనం గంటలకి గంటలు ఆ డ్రాగన్లని చంపి, ఎముకలూ చర్మాలూ పోగేసి అమ్మి, వచ్చిన బంగారాన్ని డాలర్లు చేసుకుని సరుకులు కొనుక్కుంటున్నారు. అదే ఏడాది ఆటగాళ్ళలో ఒకరు వీళ్ళని ఎలా గుర్తుపట్టి వేటాడాలో వివరిస్తూ ఒక మార్గదర్శిని రాసి పెట్టారు. చాలామంది నవ్వుకున్నారు. కొందరికి ఆ నవ్వు గొంతులో అడ్డంపడింది.

వేటాడేవాళ్ళ వాదనని తేలిగ్గా తీసిపారేయలేం. మైకేల్ వాల్జర్ 1983లో రాసిన 'స్ఫియర్స్ ఆఫ్ జస్టిస్'లో ఒక మంచి ఆలోచన ఉంది. జీవితంలో ఒక్కో రంగానికి ఒక్కో న్యాయం ఉంటుంది, ఒక రంగంలోని సంపద ఇంకో రంగాన్ని ఏలడమే అన్యాయం అంటాడాయన. డబ్బుతో ఓటు కొనకూడదు, డబ్బుతో మార్కులు కొనకూడదు. అలాగే డబ్బుతో ఆటలో గొప్పతనం కొనకూడదు. ఆటలో అందరం ఒకే మెట్టు మీద మొదలవుతాం, అదే దాని అందం. పైగా బంగారం కుప్పలుగా వచ్చిపడితే ధరలు పెరిగి, కొత్తగా వచ్చినవాడు ఏమీ కొనలేడు. ఇది నిజమైన నష్టం.

అయితే ఆ ఒకే మెట్టు అనే మాట దగ్గర నాకు అనుమానం. ఆటలో సంపద సమయం నుంచి పుడుతుంది. వేసవి సెలవుల్లో రోజుకి పన్నెండు గంటలు ఆడే కుర్రాడికి ఉన్న సమయం, నైట్ షిఫ్ట్ చేసొచ్చి గంటసేపు ఆడే మనిషికి లేదు. ఆ సమయం కూడా బయటినుంచి తెచ్చుకున్న ఆస్తే. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఇక కంపెనీ సంగతి. 2013 నుంచి 'బాండ్' అనే సరుకుని కంపెనీయే అమ్ముతోంది. అసలు డబ్బుతో అది కొని, ఆటలో ఇంకొకరికి బంగారానికి అమ్ముకోవచ్చు. దానివల్ల ఆటలో కొత్త బంగారం పుట్టదు, చేతులు మారుతుందంతే అన్నది నిజం. కానీ డబ్బుతో బంగారం కొనడమే పాపమైతే ఇదీ పాపమే. తప్పు కొనడంలో కాక ఎవరి దగ్గర కొన్నామన్నదాంట్లో ఉంటే, అది గుత్తాధిపత్యానికి సంబంధించిన నిబంధన. నిబంధనని గౌరవించొచ్చు. దానికి ధర్మమనే పేరు పెట్టనక్కర్లేదు.

సరే, అందరూ సంపాదించుకునే ఆటే పెడితే? పెట్టారు. 2021లో ఫిలిప్పీన్స్‌లో ఆక్సీ ఇన్‌ఫినిటీ ఆట ఎంతోమందికి జీవనోపాధి అయింది. అప్పట్లో ఆడాలంటే ముందు మూడు బొమ్మజంతువులు కొనాల్సి వచ్చేది, అంత డబ్బు లేనివాళ్ళకి ఉన్నవాళ్ళు వాటిని ఇచ్చి రాబడిలో వాటా తీసుకునేవారు. ఆడేవాళ్ళని 'స్కాలర్లు' అన్నారు. మన ఊళ్ళలో దీన్ని పాలికివ్వడం అంటారు. 2022 మొదటికల్లా ఆ ఆటలో సంపాదించే టోకెన్ ధర పాతాళానికి పడిపోయింది. అందరూ అమ్మడానికే వస్తే కొనేవాడెవడు? ఊరికే, సరదాకి ఆడేవాళ్ళుంటేనే కూలికి ఆడేవాళ్ళకి కూలి. అంటే సరదా ఆటగాడు పవిత్రంగా కాపాడుకోవాలనుకునే ఆ ఆటతనం మీదే కూలివాడి బతుకూ ఆధారపడి ఉంది. వాళ్ళిద్దరూ శత్రువులనే లెక్క ఇక్కడ తప్పుతోంది.

లేవార్డెన్ పిల్లవాడి ముసుగు అతని శ్రమవల్ల వస్తువైతే, కారకాస్‌లో ఎవరో రాత్రంతా పోగేసిన డ్రాగన్ ఎముకలూ వస్తువులే. కంపెనీ ఆ ఖాతాని మూసేసినప్పుడు పోయేది ఓ నెల జీతం కావచ్చు. ఒప్పందం ప్రకారం కంపెనీకి ఆ హక్కుంది, కాదనను. వాడకానికి అనుమతే తప్ప యాజమాన్యం ఇవ్వలేదని మొదటిరోజే మనచేత టిక్కు పెట్టించుకుంటుంది. కానీ హక్కు ఉన్నంత మాత్రాన జరిగిన నష్టం నష్టం కాకుండా పోదు.

నా వరకు నేను తేల్చుకున్నది చిన్నదే. బయట డబ్బిచ్చి బంగారం కొనను, కొత్తవాడి దారి ఇరుకు చెయ్యడం ఇష్టంలేదు. డ్రాగన్ల దగ్గర, పలకరిస్తే బదులివ్వకుండా ఒకే పని చేసుకుపోతున్న ఆటగాడు కనిపిస్తే కత్తి తియ్యను. అది బాట్ కావచ్చు, మనిషి కావచ్చు. నిబంధన అమలు చెయ్యడం కంపెనీ పని, దానికి జీతాలు తీసుకునేవాళ్ళున్నారు. నాకు అది ఆటవిడుపు, అవతల ఉన్నది మనిషే అయితే అతనికది డ్యూటీ. డ్యూటీలో ఉన్న మనిషిని ఆటపట్టించడానికి నాకు కారణమేదీ దొరకలేదు.