నూనె గిన్నె

సాయంత్రం ఆరు కాగానే మొదలయ్యేది. పిడికిళ్లు బిగించి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, మొహం కందిపోయేలా ఏడ్చేది మా మనవరాలు. పాలు పట్టబోతే తల తిప్పేసుకునేది. అప్పటికి దానికి ఐదు వారాలు. పిల్లల డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. జ్వరం లేదు, పచ్చటి వాంతులు లేవు, మలంలో రక్తం లేదు, బరువు బాగానే పెరుగుతోంది. కోలిక్ అన్నారు. ఆరో వారం దాకా ముదిరి, మూడు నాలుగు నెలలకు తనంతట తానే పోతుందట. 1954లో మోరిస్ వెస్సెల్ అనే అమెరికా డాక్టరు దీనికో లెక్క కట్టాడు: రోజుకు మూడు గంటలు దాటి, వారానికి మూడు రోజులు దాటి, మూడు వారాలు దాటి ఏడిస్తే కోలిక్ అని. లెక్క దొరికింది గానీ, కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు.

కారణం తేలని చోటే మా పినత్తగారు మాట అందుకున్నారు. “ఏ జన్మలో చేసిన పాపమో, ఇప్పుడు అనుభవిస్తోంది” అన్నారు. పక్కనే బాలింత, మా అమ్మాయి. మొహం గోడకు తిప్పుకుంది.

నేను కర్మను నమ్మే మనిషినే. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఈ చర్చ ఉంది. ఒకరికి సుఖం, ఇంకొకరికి దుఃఖం ఇచ్చే దేవుడికి పక్షపాతం, క్రూరత్వం ఉన్నట్టా? లేవు, ఆయన జీవుల కర్మను బట్టి ఇస్తాడని జవాబు. దానితో దేవుడి మీది నింద తొలగింది. ఆ తొలగిన నిందను తెచ్చి పసిగుడ్డు నెత్తిన పెట్టమని మనకెవరు చెప్పారు? నా తప్పు నేను వెతుక్కోవడానికి కర్మ పనికొస్తుంది. ఎదుటివాళ్ల నొప్పికి దాన్ని అంటించామా, చేతులు ముడుచుకు కూర్చోవడానికి సాకైపోతుంది.

మర్నాటి నుంచి, పాలు తాగాక అరగంట పైన ఆగి, పప్పునూనె గిన్నెను వేణ్ణీళ్లలో ఉంచేదాన్ని. ముంజేతి మీద చుక్క వేసి వేడి చూసుకుని, నేల మీద కాళ్లు చాపి, పిల్లను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టేదాన్ని. బొడ్డు చుట్టూ, గడియారం ముల్లు తిరిగే దిక్కున, పెద్దపేగు దారి వెంట అరచెయ్యి తిప్పడం. మోకాళ్లు మెల్లగా పొట్ట మీదికి తెచ్చి వదలడం. మర్దనతో కోలిక్ పోతుందనడానికి గట్టి రుజువు లేదని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. మొదటి రెండు రోజులూ ఏమీ కాలేదు. ఎప్పుడు ఏడుపు ఆపుతుందా అన్న తొందర నా చేతుల్లో ఉండేది. ఆ తొందరకు పొట్ట చెక్కలా బిగుసుకునేది.

ఆ తొందరే నన్ను భయపెట్టింది. కొన్ని పల్లెల్లో ఇలాంటి ఏడుపుకే పసిపిల్లల పొట్ట మీద వాతలు పెట్టేవాళ్లు, అక్కడక్కడా ఇప్పటికీ పెడుతున్నారు. వాత పెట్టే చెయ్యి కూడా బిడ్డ బాగుండాలనే లేస్తుంది. చూస్తూ ఊరుకోలేని ప్రేమ అది. సంస్కృతంలో నూనెకూ ప్రేమకూ ఒకటే మాట ఉంది, స్నేహం. ఆ రెండూ మెల్లగా ఇంకాలి. మూడో రోజు నుంచి నేను ఏడుపుకూ ఏడుపుకూ మధ్య అది ఊపిరి తీసుకునే దాకా ఆగి, అప్పుడే చెయ్యి కదిపాను. కొన్నాళ్లు ఏడుపు తగ్గింది, కొన్నాళ్లు తగ్గలేదు. తగ్గని రోజుల్లోనూ పొట్ట కాస్త మెత్తబడేది.

నేపాల్‌లో దొరికిన తాళపత్రాల నుంచి 1938లో అచ్చయిన పాత ఆయుర్వేద గ్రంథం కాశ్యపసంహితలో, మాటలు రాని పిల్లల బాధను పోల్చుకోవడానికే ఒక అధ్యాయం ఉంది. కడుపునొప్పి ఉన్న బిడ్డ చన్ను వదిలేస్తుంది, ఏడుస్తుంది, పొట్ట బిగుస్తుంది, మొహాన చెమట పడుతుంది. చదువుతుంటే మా పిల్లే కనిపించింది. రాసినవాడు ఎంతసేపు పక్కన కూర్చుని చూసి ఉంటాడో! కానీ ఆ గ్రంథంలోనే రేవతీకల్పం అనే అధ్యాయం కూడా ఉంది. అధర్మం చేసిన ఆడదాన్ని జాతహారిణి అనే గ్రహం పట్టుకుని బిడ్డల్ని హరిస్తుందని అందులో ఉంది.

అది చదివినప్పుడు పినత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ తొలిచూలు బిడ్డ మూడో నెలలో పోయింది. ఆ ఇంట్లో ఎవరెవరు ఏమన్నారో, ఆవిడ యాభై ఏళ్లుగా ఏ మాట తనకు తాను చెప్పుకుంటూ వచ్చారో నేనెప్పుడూ అడగలేదు. వినగానే నాకు కోపం తెప్పించిన ఆ మాట ఆవిడ మొదట తన మీదే వేసుకున్నారేమో.

ఆ సాయంత్రం గిన్నె ఆవిడ ముందు పెట్టాను. “అత్తయ్యగారూ, నా నడుం పట్టేసింది, ఇవాళ మీరు రాయండి” అన్నాను. వద్దు వద్దంటూనే గోడకు ఆనుకుని కాళ్లు చాపారు. బిడ్డను ఆవిడ కాళ్ల మీద పెట్టాను. నూనెలో వేళ్లు ముంచి, రెండు అరచేతులూ రాసుకుని, చాలాసేపు దాని పొట్ట మీద కదపకుండా ఉంచారు.

“వెచ్చగా ఉందే” అన్నారు.